ఆటగాని చేయి ఏమి కోరుతుంది?

– బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం (గణిత, భౌతిక, కంప్యూటర్ శాస్త్రాలు)

ఈ శీర్షిక చూసి కొందరు అధ్యాపకులు నవ్వుకోవచ్చు. పరీక్షలకు చదువుకోరా అంటే వీడియో ఆటల మీద వ్యాసం రాస్తున్నాడేమిటి అని అనుకోవచ్చు. మా బాపు అయితే మొహం మీదనే అన్నాడు: "బత్తాయి తోటకు నీళ్ళు పెట్టమంటే ఫోను పట్టుకొని కూసుంటవు. ఇప్పుడు దాని మీద రాసుడు గూడ మొదలువెట్టినవా?" అని. ఆయన కోపం న్యాయమైనదే. అయితే నేను రాయదలచుకున్నది ఆట గురించి కాదు. ఆట ఆడే చేతి గురించి, ఆ చేతికీ యంత్రానికీ నడుమ ఉండే పరికరం గురించి. దానిని కంట్రోలర్ అంటారు. మన హాస్టల్‌లో అయితే ఉట్టిగా ప్యాడ్ అంటాము. మూడేళ్ళుగా మనం ల్యాబులో చదువుకుంటున్న భౌతికశాస్త్రం చాలావరకు ఆ చిన్న పెట్టెలోనే ఉన్నది.

నాకు దీని మీద ఆసక్తి కలిగించినవాడు మా పెద్దమ్మ కొడుకు. అన్నది మర్రిగూడ మండలంలోని ఒక ఊరు. చిన్ననాడు బోరు నీళ్ళు తాగి పెరిగాడు. తాగే నీటిలో ఫ్లోరైడు లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించకూడదని నియమం. ఆ దిక్కు బోర్లలో అంతకు ఎంతో మించి ఉండేది. ఫ్లోరైడు ఏళ్ళ తరబడి ఎముకల్లో పేరుకుంటుంది. కీళ్ళను పట్టి ఉంచే మెత్తని కట్లు కూడా ఎముక వలె గట్టిపడతాయి. ఒకసారి గట్టిపడినవి మళ్ళీ మెత్తబడవు. 2016లో మొదలైన మిషన్ భగీరథ కింద కృష్ణా నీళ్ళు ఆ ఊళ్ళ నల్లాల్లోకి వచ్చాయి. చిన్నపిల్లలకు అది మేలు చేసింది. అన్నకు మాత్రం అప్పటికే ఆలస్యమైపోయింది. ఆయన మోచేతులు పూర్తిగా చాపుకోవు, పూర్తిగా మడుచుకోవు. మోకాళ్ళు వంగవు. వేళ్ళు మాత్రం చక్కగా ఆడుతాయి. ఆ వేళ్ళతోనే ఊళ్ళోవాళ్ళకు ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెడతాడు.

పోయిన దసరాకు రూమ్మేటు దగ్గర ఒక ప్యాడ్ అడుక్కొని అన్న దగ్గరికి తీసుకుపోయాను. ఆయన దానిని ఎడమ చేతితో పట్టుకున్నాడు. కుడి చేయి దానిదాకా రాలేదు. కుడి వైపుకు జరిపితే ఎడమ చేయి అందలేదు. ఐదు నిమిషాలు తిప్పలు పడి పక్కన పెట్టాడు. "ఆట మంచిగనే ఉన్నది తమ్మీ. దీన్ని పట్టుకునుడే నా వశం కాదు" అన్నాడు.

తిరుగు బస్సులో నాకు ఆ మాటే చెవిలో ఉండిపోయింది. కొత్త ప్యాడ్ ఒకటి తయారుచేయాలంటే ఆడేవాళ్ళు దాని నుంచి ఏమి కోరుకుంటారు? ఈ ప్రశ్నకు నేను తెలుసుకున్నంత మేరకు సమాధానం ఇక్కడ రాస్తున్నాను.

ల్యాబులో పుట్టిన ఆట

మన భౌతికశాస్త్ర ల్యాబులో మూలకు ఉన్న ఆసిలోస్కోపు అందరూ చూసే ఉంటారు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హావెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బాథమ్ అనే భౌతికశాస్త్రవేత్త, సందర్శకులకు వినోదంగా ఉండాలని, అటువంటి తెర మీదనే టెన్నిస్ ఆట చూపించాడు. ఆడే ఇద్దరికీ చెరొక చిన్న పెట్టె ఇచ్చాడు. దాని మీద తిప్పే మీట ఒకటి, బటన్ ఒకటి. మీట తిప్పితే బంతి పోయే కోణం మారుతుంది, బటన్ నొక్కితే బంతికి దెబ్బ తగులుతుంది.

1962లో ఎం.ఐ.టి.లో విద్యార్థులు, వారి మిత్రులు కలిసి పీడీపీ-1 అనే కంప్యూటర్ మీద 'స్పేస్‌వార్' అనే ఆట తయారుచేశారు. మొదట కంప్యూటర్ ముందరి పలక మీద ఉన్న స్విచ్చులతోనే ఆడేవారు. ఆ స్విచ్చులు ఆట కోసం పెట్టినవి కావు గనుక చేతికి ఇబ్బందిగా ఉండేవి. అప్పుడు అలన్ కోటక్, బాబ్ సాండర్స్ అనే ఇద్దరు చేతిలో పట్టుకొని ఆడే విడి పెట్టెలను సొంతంగా తయారుచేశారు. అంటే ప్యాడ్ అనేది ఏ కంపెనీ బుర్రలోనో పుట్టింది కాదు. ఆడేవాళ్ళ చేతి ఇబ్బందిలో నుంచే పుట్టింది. ఈ సంగతి పాఠకులు గుర్తుంచుకోవాలని మనవి.

1982లో నింటెండో సంస్థలో గుంపెయ్ యోకోయ్ అనే ఇంజనీరు, నాలుగు దిక్కులకు ఒకే బొటనవేలు సరిపోయే ప్లస్ గుర్తు బటన్‌ను ప్రవేశపెట్టాడు. మన అన్నలు చిన్నప్పుడు టీవీకి తగిలించి, క్యాసెట్ పెట్టి ఆడిన 'టీవీ గేమ్' ప్యాడ్ల మీద ఉన్నది ఆ ప్లస్ గుర్తే. 1996లో నింటెండో 64తో బొటనవేలి కింద అన్ని వైపులా వంగే పుల్ల వచ్చింది. 1997లో సోనీ వారి డ్యూయల్‌షాక్ రెండు పుల్లలతో, ఆటకు తగ్గట్టు వణికే మోటార్లతో వచ్చింది. అప్పటి నుంచి ఇప్పటి వరకు ప్యాడ్ ఆకారం పెద్దగా మారలేదు.

పెట్టె విప్పితే

కోఠి గుజరాతీ గల్లీలో చెడిపోయిన ప్యాడ్ ఒకటి తక్కువ ధరకు దొరికితే తెచ్చి విప్పాను. బటన్ల కింద రబ్బరు బుడిపెలు, వాటి అడుగున నల్లని కార్బన్ బిళ్ళలు. నొక్కితే బిళ్ళ వచ్చి రెండు రాగి గీతలను కలుపుతుంది. ఇంట్లో టీవీ రిమోట్‌లో ఉండేది కూడా ఇదే.

పుల్ల కింద రెండు చిన్న పొటెన్షియోమీటర్లు లంబ కోణంలో ఉన్నాయి. ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకు. ఒక్కొక్కదానికి మూడు కాళ్ళు. అటు ఇటు కాళ్ళకు వోల్టేజి ఇస్తారు. నడిమి కాలు కార్బన్ పట్టీ మీద జారుతూ ఎక్కడ ఆగితే అక్కడి వోల్టేజిని చెబుతుంది. మనం మొదటి సంవత్సరంలో చేసిన ప్రయోగమే ఇది. 3.3 వోల్టులు ఇస్తే పుల్ల నిటారుగా ఉన్నప్పుడు దాదాపు 1.65 వోల్టులు రావాలి. ఆ వోల్టేజిని చిప్పు ఒక అంకెగా మారుస్తుంది. 8 బిట్ల పద్ధతిలో 0 నుంచి 255 వరకు అంకెలుంటాయి, నడిమి అంకె సుమారు 128. ఆ అంకెను బట్టే ఆటలో బొమ్మ నిలబడుతుంది, నడుస్తుంది, ఉరుకుతుంది.

ఇంత తెలుసుకున్న తరువాత హాస్టల్‌లో ఆడేవాళ్ళను, మా దేవరకొండ దిక్కు మిత్రులను అడుగుతూ పోయాను. చాలామంది ఆడేది ఫోనులోనే. గాజు మీద బొటనవేళ్ళు తప్ప వారికి ప్యాడ్ తెలియదు. ప్యాడ్ వాడినవారు చెప్పిన కోరికలు ఐదు.

మొదటి కోరిక: దానంతట అది పక్కకు పోవద్దు

దీనిని డ్రిఫ్ట్ అంటారు. వేలు తీసినా బొమ్మ ఒక పక్కకు నడుస్తూనే ఉంటుంది. నాగలి సక్కగా పట్టినా దాపలెద్దు తన దిక్కుకు గుంజినట్లు ఉంటుంది. కారణం సులభమే. నడిమి కాలు రుద్దీ రుద్దీ కార్బన్ పట్టీ అరిగిపోతుంది, దుమ్ము చేరుతుంది. 128 చెప్పవలసిన చోట 140 చెబుతుంది. నడిమి దగ్గర కొంత మేరను లెక్కలోకి తీసుకోకుండా వదిలేసి ప్రోగ్రాములో సర్దుబాటు చేయవచ్చు. కాని అప్పుడు సున్నితమైన కదలిక పోతుంది.

దీనికి మందు పాతదే. 1879లో ఎడ్విన్ హాల్ కనుగొన్న హాల్ ప్రభావం మన సిలబస్‌లో ఉన్నది. ప్రవాహం పోతున్న పలకకు లంబంగా అయస్కాంత క్షేత్రం ఉంటే అడ్డంగా వోల్టేజి పుడుతుంది. పుల్ల అడుగున చిన్న అయస్కాంతం పెట్టి, ఎదురుగా హాల్ సెన్సార్ పెడితే, ఒకదానికొకటి తగలకుండానే పుల్ల ఎంత వంగిందో తెలిసిపోతుంది. తగలనిది అరగదు. సెగా సంస్థ 1996లో శాటర్న్ ప్యాడ్‌లోను, 1998లో డ్రీమ్‌కాస్ట్‌లోను ఈ పద్ధతే వాడింది. అయినా చాలా కంపెనీలు చవకైన కార్బన్ పట్టీతోనే సాగాయి. 2017లో వచ్చిన నింటెండో స్విచ్ ప్యాడ్లకు డ్రిఫ్ట్ గురించి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయంటే, 2020 జూన్‌లో వాటాదారుల సమావేశంలో అధ్యక్షుడు షుంటారో ఫురుకావా క్షమాపణ చెప్పవలసి వచ్చింది. 2025 జూన్‌లో స్విచ్ 2 వచ్చినప్పుడు హాల్ పుల్లలు వస్తాయని ఆటగాళ్ళు ఆశపడ్డారు. వాటిలో హాల్ సెన్సార్ లేదని సంస్థ ముందే చెప్పింది. ఇంకో పక్క కొన్ని చిన్న కంపెనీలు మధ్యరకం ధరకే హాల్ పుల్లలు, ఇంకా సున్నితమైన టీఎంఆర్ పుల్లలు పెడుతున్నాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. హాల్ పుల్ల అజరామరం కాదు. పుల్లను నడిమికి తెచ్చే స్ప్రింగ్ వదులైతే అది కూడా తప్పు చెబుతుంది. "హాల్" అని డబ్బా మీద రాసి ఉంటే చాలనుకోవద్దు.

రెండవ కోరిక: నొక్కగానే పలకాలి

మా బోరుకు ఇదివరకు మామూలు స్టార్టర్ ఉండేది. పచ్చ బటన్ నొక్కితే అప్పుడే మోటారు గుయ్యిమనేది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో ఆటో స్టార్టర్ పెట్టాము. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్లు తీసేయమన్నారు, తీసేశాము. తరువాత ఫోను చేస్తే నడిచే స్టార్టర్ పెట్టించాము. ఫోను చేసి, అంకె నొక్కి, ఆగి చూడాలి. మోటారు నడిచిందా లేదా తెలియక బాపు చివరికి చెప్పులు తొడుక్కొని బావి దిక్కు పోతాడు. ఆలస్యం ఎంత అనేదానికన్నా, ఎంత ఆలస్యమవుతుందో తెలియకపోవడమే ఎక్కువ బాధ.

ఆటలోనూ అంతే. తెర సెకనుకు 60 సార్లు మారితే ఒక్కొక్క చిత్రానికి సుమారు 16.7 మిల్లీసెకన్లు. ప్యాడ్ స్థితిని సెకనుకు 125 సార్లు అడిగితే 8 మిల్లీసెకన్లకు ఒకసారి కబురు అందుతుంది. 1000 సార్లు అడిగితే 1 మిల్లీసెకనుకు ఒకసారి. కంటితో చూసి వేలు కదిలించడానికి మనిషికి పట్టేది 200 నుంచి 250 మిల్లీసెకన్లు. ఇప్పుడు కొన్ని ప్యాడ్ల మీద 8000 అని గొప్పగా రాస్తున్నారు. 1000 నుంచి 8000కు పోతే మిగిలేది ఒక మిల్లీసెకను కూడా కాదు. దానికి ఎక్కువ డబ్బు పెట్టేకన్నా, ఆలస్యం ఎప్పుడూ ఒకే తీరుగా ఉండే ప్యాడ్ మేలని నా అభిప్రాయం.

మూడవ కోరిక: చేతికి జవాబు రావాలి

పచ్చ బటన్ నొక్కినప్పుడు చేతికి తగిలే అదురు, చెవికి వినిపించే గుయ్యి, ఇవే బాపుకు జవాబు. ప్యాడ్‌లో ఈ పని చేసేది ఒక చిన్న మోటారు. దాని ఇరుసుకు బరువు ఒక పక్కకే ఉంటుంది. తిరిగితే ప్యాడ్ వణుకుతుంది. 2020లో సోనీ తెచ్చిన డ్యూయల్‌సెన్స్‌లో వేలిని ఎదురు నెట్టే ట్రిగ్గర్లు కూడా పెట్టారు. విల్లు లాగితే బరువు తెలుస్తుంది. కథ ఉన్న ఆటలు ఆడేవాళ్ళకు ఇది ఇష్టం. పోటీ ఆడేవాళ్ళు వణుకు వద్దని ఆపేసుకుంటారు. కనుక పెట్టాలి, ఆపుకునే వీలూ ఇవ్వాలి.

నాలుగవ కోరిక: చేతి కొలతకు ఉండాలి

మా ఇంట్లో గొడ్డలి కామ బాపు చేతికి తగ్గట్టు చెక్కించినది. నేను పట్టుకుంటే బొబ్బలు వస్తాయి. అమ్మ కొడవలి పిడి వేరు. 2001లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన మొదటి ఎక్స్‌బాక్స్ ప్యాడ్ చాలా పెద్దదిగా ఉందని ఆడేవాళ్ళు వెక్కిరించారు. 2002లో జపాను కోసం చిన్న ప్యాడ్ చేశారు. అది అందరికీ నచ్చి, తరువాత అన్ని దేశాల్లోనూ అదే ఇచ్చారు. చేతులన్నీ ఒకే తీరుగా ఉండవని అంత పెద్ద కంపెనీకి కూడా అమ్మకాలు మొదలైన తరువాతే తెలిసింది.

ఐదవ కోరిక: చెడిపోతే బాగుచేసుకోవాలి

మోటారు కాలిపోతే దేవరకొండలో వైండింగ్ చేసేవారున్నారు. ప్యాడ్‌లో ఒక పుల్ల అరిగితే మాత్రం మొత్తం పారేయమంటారు. 2023లో సోనీ తెచ్చిన డ్యూయల్‌సెన్స్ ఎడ్జ్‌లో పుల్లను విప్పి కొత్తది పెట్టుకోవచ్చు. కాని అది ఖరీదైన ప్యాడ్. అటువంటి వసతి అసలు కావలసింది చవకైన ప్యాడ్‌కు. ఎందుకంటే రెండోసారి కొనలేనివాడు కొనేది దానినే.

ఎవరూ చెప్పని ఆరవ కోరిక

ఈ ఐదు కోరికలూ చెప్పినవాళ్ళందరికీ రెండు చేతులూ ముందుకు వచ్చి కలుస్తాయి. నేను కూడా ఆ సంగతి అన్న దగ్గరికి పోయేదాకా ఆలోచించలేదు. ప్యాడ్ రెండు చేతులను జానెడు దూరంలో ఒకే పెట్టెకు కట్టేస్తుంది. అన్నకు కావలసింది ఎడమది ఎడమ తొడ మీద, కుడిది కుడి తొడ మీద.

ఇటువంటి ఆలోచన లోకంలో లేకపోలేదు. 2006లో నింటెండో వీ ప్యాడ్‌ను రెండు చేతులకు రెండు ముక్కలుగా చేసింది. 2017 నాటి స్విచ్ ప్యాడ్ కూడా రెండుగా విడిపోతుంది. 2018లో మైక్రోసాఫ్ట్ వికలాంగుల కోసం ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్ తెచ్చింది. దానికి రెండు పెద్ద బటన్లు, వెనుక 19 సాకెట్లు. ఎవరికి ఏ స్విచ్ వీలైతే అది తగిలించుకోవచ్చు. 2023 డిసెంబరులో సోనీ కూడా యాక్సెస్ అనే ప్యాడ్ తెచ్చింది. వాటి ధర మాత్రం అన్న వంటివారికి అందేది కాదు.

ధర అందకపోతే ఆగిపోవాలా? మన పాత నల్లగొండ జిల్లాలోనే దీనికి జవాబు ఉన్నది. ఆలేరు మండలం శారాజీపేటలో చింతకింది మల్లేశం గారి తల్లి ఆసు పోసేది. ఒక చీరకు సుమారు 9 వేల సార్లు చేయి అటూ ఇటూ ఆడించాలి. ఆమె భుజం నొప్పి చూడలేక, పెద్ద చదువులు లేకపోయినా, ఏళ్ళ తరబడి కష్టపడి 1999 నాటికి ఆసు యంత్రం పూర్తి చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన మొదలుపెట్టింది యంత్రంతో కాదు, అమ్మ భుజంతో.

సబ్బు డబ్బా ప్రయోగం

నేను చేసింది చాలా చిన్న పని. గుజరాతీ గల్లీ ప్యాడ్‌ను బాగుచేసి, కుడి పుల్లను, దాని పక్క నాలుగు బటన్లను విప్పి ఒక ప్లాస్టిక్ సబ్బు డబ్బాలో అమర్చాను. పుల్లకు కావలసిన తీగలు నాలుగు: వోల్టేజి, గ్రౌండ్, అడ్డం, నిలువు. గ్రౌండ్ అందరికీ ఒకటే గనుక బటన్లకు ఇంకో నాలుగు. మొత్తం ఎనిమిది. ల్యాన్ కేబుల్‌లో ఉండేవీ సరిగ్గా ఎనిమిదే. ముందు వేళ్ళతో నొక్కే కుడి భుజం బటన్లకు తీగలు మిగలలేదు, వదిలేశాను.

మొదటిసారి కేబుల్ గుంజగానే టంకం ఊడింది. స్విచ్‌బోర్డులో వేసినట్లు డబ్బా లోపల కేబుల్‌కు ముడి వేశాను. పుల్ల ముట్టకున్నా అంకెలు అటూ ఇటూ ఊగాయి. మా ల్యాబు సారు చూసి, అడ్డం తీగకూ నిలువు తీగకూ గ్రౌండ్‌తో చెరొక 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలపమన్నారు. కలిపితే ఊగుడు తగ్గింది.

ఉగాదికి తీసుకుపోయి అన్న ఫోనుకు తగిలించాను. ఎడమ ముక్క ఒక తొడ మీద, సబ్బు డబ్బా ఇంకో తొడ మీద. కారు పందెం పెట్టాడు. మొదటి మూడు సార్లు గోడకు గుద్దాడు. నాలుగోసారి చివరిదాకా పోయాడు. పెద్దమ్మ పచ్చడి గిన్నె పట్టుకొని వచ్చి, పిలవకుండా గుమ్మంలోనే నిలబడి చూసింది.

గంట తరువాత అన్న తప్పులు చెప్పడం మొదలుపెట్టాడు. "డబ్బ జారుతున్నది, కింద సైకిల్ ట్యూబు ముక్క అంటియ్యి. బటన్లు గింత గట్టిగ ఉండద్దు, వేలు గుంజుతున్నది." నేను రాసుకున్నాను. కుడి భుజం బటన్లు పెట్టలేకపోయానని, తీగలు చాలలేదని చెప్పాను. ఆయన తన పాదం దిక్కు చూసుకున్నాడు. "మోకాలు వంగదు గని కాలివేళ్ళు ఆడుతయి తమ్మీ. ఇంకో తీగ గుంజి గవి కాలి కింద పెట్టరాదా?" అన్నాడు.

నాకు తట్టనిది అది. నేను ఆయన చేతుల గురించే ఆలోచించాను. ఏది ఆడుతుందో, ఏది ఆడదో ఆయనకు తెలుసు. అడగవలసినది ఆయననే.

మిత్రులారా, ఇంతకన్నా గొప్ప సారాంశం నా దగ్గర లేదు. పుల్లలో హాల్ సెన్సార్ కావాలి, ఆలస్యం తక్కువ కావాలి, ధర అందుబాటులో ఉండాలి. ఇవన్నీ నిజమే. వాటన్నిటికన్నా ముందు, ఎవరి కోసం చేస్తున్నామో వారి పక్కన కూర్చొని ఒక గంట చూడాలి. మన ప్రాజెక్టులు చాలావరకు ఫైలులో కట్టి బీరువాలో పెట్టే ప్రాజెక్టులే. ఏటా ఒక్కటైనా ఒక మనిషి చేతికోసం చేస్తే బాగుంటుందని అధ్యాపకులకు నా మనవి.

కాలి బటన్ పని మొదలైంది. హాస్టల్‌లో చెడిపోయిన ప్యాడ్లు ఎవరి దగ్గరైనా ఉంటే పారేయకుండా భౌతికశాస్త్ర ల్యాబులో ఇవ్వండి. మోటార్లు, పుల్లలు, బటన్లు, చివరికి స్క్రూలు కూడా పనికివస్తాయి. సబ్బు డబ్బాలు నేనే తెచ్చుకుంటాను.